డిస్క్ గోల్ఫ్: సామాను, స్పాన్సర్లు, ఒంటి సత్తా – మన రెండు జిల్లాల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో సాయంత్రం మైదానానికి వచ్చే పిల్లలు, వాళ్లను దింపడానికి వచ్చే అమ్మానాన్నలు, శ్రీకాకుళం వైపు నుంచి ఫోన్ చేసే పీఈటీ మాస్టార్లు తిప్పి తిప్పి ఇవే అడుగుతున్నారు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. వీడియోల్లో పెద్ద ఆటగాళ్లను చూడగానే ఏ డిస్కు కొనాలి, స్పాన్సర్ ఎలా దొరుకుతాడు అన్న ఆలోచన ముందు వస్తుంది. నా మాట ఒకటే: ముందు ఒళ్లు తయారవ్వాలి. మూడు డిస్కులతో ఆట నేర్చుకోవచ్చు, స్పాన్సర్ ఆట వెనకాలే వస్తాడు. ఏ జవాబుకి ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## ఆట గురించి తెలుసుకునే దశ

డిస్క్ గోల్ఫ్ అంటే మనం బీచ్‌లో ఆడే ఫ్రిస్బీయేనా? దీన్ని ప్రొఫెషనల్‌గా కూడా ఆడతారా?

ఎగిరే పళ్లెం అన్న వరకే పోలిక. గోల్ఫ్‌లో బంతిని గుంటలో వేసినట్టు, ఇక్కడ డిస్కును గొలుసులు వేలాడే ఇనుప బుట్టలో వేయాలి. ఎవరు తక్కువ విసుర్లలో 18 బుట్టలు పూర్తిచేస్తే వాళ్లు గెలిచినట్టు. మొదట్లో అమెరికాలో చెట్లు, దీపస్తంభాలే గురిగా పెట్టుకుని ఆడేవారు. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత కోర్సు వచ్చింది. గొలుసుల బుట్టను రూపొందించిన ఎడ్ హెడ్రిక్ 1976లో ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్‌ను, అంటే పీడీజీఏను మొదలుపెట్టాడు. నియమాలు, రేటింగులు, డిస్కుల ఆమోదం అన్నీ ఇప్పటికీ దాని చేతిలోనే ఉన్నాయి. 2016 నుంచి డిస్క్ గోల్ఫ్ ప్రో టూర్ కూడా నడుస్తోంది. ఈ ఆట మీదే బతికే ఆటగాళ్లు అమెరికాలో, ఫిన్లాండ్, ఎస్టోనియా లాంటి దేశాల్లో ఉన్నారు.

మన దగ్గర కోర్సు లేదు కదా, ఎక్కడ ఆడాలి?

మామిడి తోట, తీరం వెంట సరుగుడు తోట, ఉద్దానం వైపు కొబ్బరి తోట, కాలేజీ మైదానం అంచున ఉన్న చెట్లు... ఏదైనా సరిపోతుంది. చెట్టు మొదలుకి ఎర్ర గుడ్డ కట్టి, అది తగిలితే పూర్తయినట్టు లెక్కపెట్టుకోండి. సరుగుడు తోట నాకు ప్రత్యేకంగా ఇష్టం. వరసల మధ్య సన్నటి దారిలో డిస్కు తిన్నగా పోవాలి, కాస్త పక్కకు పోయినా మానుకి కొట్టుకుంటుంది. విసురు ఎక్కడ తప్పుతోందో తోటే చెప్పేస్తుంది.

రైతును అడగకుండా తోటలోకి వెళ్లొద్దు. మామిడి, జీడి పూతకొచ్చే నెలల్లో అసలు ఆడొద్దు. ఒక్క డిస్కు కొమ్మల్లోంచి దూసుకెళ్తే ఎంత పూత రాలుతుందో కింద చూస్తే తెలుస్తుంది. మనుషులు, పశువులు దాటిపోయే దాకా ఆగండి. ఈ డిస్కు అంచు గట్టిగా ఉంటుంది, తగిలితే గాయమవుతుంది.

బాస్కెట్ కొనాలంటే చాలా అవుతుందట. మనమే చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు, చేయించుకోమనే చెప్తాను. వెల్డింగ్ షాపుకి రెండు పాత సైకిల్ రిమ్ములు, ఒక జీఐ పైపు, సన్న గొలుసు, కాస్త ఇనుప జాలీ పట్టుకెళ్లండి. ఒక రిమ్ము పైన వస్తుంది, గొలుసులు దానికి వేలాడతాయి. గొలుసుల కింది కొసలు నడుమ పైపుకి ఉన్న చిన్న రింగు దగ్గర కలవాలి. రెండో రిమ్ముకి జాలీ కట్టించి కింద పళ్లెంలా పెట్టించండి. ఆ పళ్లెం అంచు నేల నుంచి దాదాపు 82 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే పోటీల ఎత్తుకి సరిపోతుంది.

కొత్తగా చేయించేవాళ్లు ఎక్కువగా గొలుసు దగ్గరే దెబ్బతింటారు. గేటు గొలుసు లాంటి లావుది పెడితే డిస్కు దానికి తగిలి ఎగిరి బయట పడుతుంది. మరీ పలచగా నాలుగు గొలుసులు వేస్తే మధ్యలోంచి దూరిపోతుంది. సన్న గొలుసునే బయట ఒక వరస, లోపల ఒక వరస వేయించండి. లోపలి వరస బయటి సందుల్లోకి రావాలి. అప్పుడు డిస్కు వేగం అక్కడే చచ్చి పళ్లెంలో పడుతుంది. పైపు నిలబెట్టడానికి పాత స్కూటర్ టైరులో సిమెంటు పోయించండి, దొర్లించుకుని ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు.

దీనివల్ల స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుందా?

ఆ ఆశతో ఈ ఆటలోకి రావొద్దు. కోటానే లక్ష్యమైతే మన జిల్లాల్లో పాతుకుపోయిన వెయిట్‌లిఫ్టింగ్, కబడ్డీ, అథ్లెటిక్స్ ఉన్నాయి. చదువు, ఇంకో ఆట నడుపుకుంటూ దీన్ని పక్కన ఆడితే ఏ నష్టమూ లేదు. రెండిటికీ కావలసిన ఒళ్లు ఒకటే.

## డిస్కులు కొనే దశ

మొదట ఎన్ని డిస్కులు కొనాలి?

మూడు. ఒక పుట్టర్ (దగ్గరి విసుర్లకి), ఒక మిడ్‌రేంజ్ (మధ్య దూరానికి), ఒక ఫెయిర్‌వే డ్రైవర్ (దూరపు విసుర్లకి). పేర్లు కావాలంటే ఇన్నోవా వాళ్ల ఏవియార్, డిస్క్రాఫ్ట్ వాళ్ల బజ్, ఇన్నోవా వాళ్ల లెపర్డ్ ఏళ్ల తరబడి కొత్తవాళ్ల చేతుల్లో నిలిచిన డిస్కులు. వేరే కంపెనీల్లోనూ వీటికి దగ్గరగా ఉండేవి దొరుకుతాయి. మూడిటికీ డబ్బు లేకపోతే పుట్టర్ ఒక్కటే కొనండి. కొత్తలో ఒకే పుట్టర్‌తో విసిరినవాళ్లు పది డిస్కులు సంచిలో వేసుకు తిరిగినవాళ్లకంటే తొందరగా బాగుపడటం నేను మళ్లీ మళ్లీ చూస్తున్నాను.

డిస్కు మీద 6, 5, -2, 1 అని నాలుగు అంకెలున్నాయి. అవేంటి?

మొదటిది స్పీడు: డిస్కు సరిగ్గా ఎగరాలంటే ఎంత వేగంగా విసరాలో చెప్తుంది. రెండోది గ్లైడ్: ఎంతసేపు గాల్లో తేలుతుందో. మూడోది టర్న్: వేగంగా పోతున్నప్పుడు ఎంత పక్కకు తిరుగుతుందో. నాలుగోది ఫేడ్: వేగం తగ్గాక చివర్లో ఎంత వంగుతుందో. కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్ (చెయ్యి ఒంటికి అడ్డంగా తెచ్చి, చేతి వెనక వైపు ముందుకి వచ్చేలా) విసిరితే టర్న్ కుడికి, ఫేడ్ ఎడమకి ఉంటుంది. ఎడమచేతివాళ్లకి తిరగబడుతుంది. ఈ అంకెలు కంపెనీలు వేసుకున్నవి కాబట్టి ఒక కంపెనీ 7కి, ఇంకో కంపెనీ 7కి కొంత తేడా ఉంటుంది.

బొంగరం జోరుగా తిరుగుతున్నంతసేపు నిటారుగా నిలబడి, తిరుగుడు తగ్గాక ఒక పక్కకి ఒరుగుతుంది కదా, డిస్కుదీ అదే గుణం. అందుకే విసురులో వేగంతో పాటు తిప్పుడు కూడా ఉండాలి.

ప్రొఫెషనల్స్ వాడే స్పీడు 12, 13 డ్రైవర్ కొంటే దూరం పెరుగుతుందా?

తగ్గుతుంది. ఇన్నోవా డిస్ట్రాయర్ లాంటి స్పీడు 12 డిస్కుని అంత వేగం లేని చెయ్యి విసిరితే అది ఎగిరే దశకే చేరదు, నేరుగా ఫేడ్‌లో పడి ఎడమకి కోసుకుపోతుంది. అదే చెయ్యి మిడ్‌రేంజ్‌ని ఇంకా దూరం పంపుతుంది.

2021 ప్రపంచ చాంపియన్‌షిప్ యూటాలోని ఆగ్డెన్‌లో జరిగింది. చివరి హోల్ (ఒక్కో బుట్టకి ఒక్కో హోల్) దగ్గర జేమ్స్ కాన్రాడ్ ఒక్క విసురు వెనకబడి ఉన్నాడు. బాస్కెట్ 75 మీటర్ల దూరంలో ఉంది. అది పడితేనే పోటీలో ఉంటాడు, పడకపోతే పాల్ మెక్‌బెత్ చాంపియన్. కాన్రాడ్ చేతిలో ఉన్నది పుట్టర్. డిస్కు గాల్లో మెల్లగా తేలుకుంటూ వెళ్లి గొలుసుల్లో పడింది. స్కోరు సమమైంది, ప్లేఆఫ్‌లో అతనే గెలిచాడు. ఈ వీడియోని నా దగ్గరికొచ్చే ప్రతి పిల్లాడికీ చూపిస్తాను, డ్రైవర్ కొనమని అడిగినప్పుడు మరీ ముఖ్యంగా.

ఎంత బరువు డిస్కు తీసుకోవాలి?

పెద్దవాళ్లకి 165 నుంచి 175 గ్రాములు, పదేళ్ల పిల్లలకి 150 లోపు. డిస్కు వ్యాసంలో సెంటీమీటరుకి 8.3 గ్రాములు మించకూడదని పీడీజీఏ నియమం. అందుకే 21 సెంటీమీటర్ల పైచిలుకు ఉండే డ్రైవర్లు 175 దగ్గరే ఆగుతాయి. మోచెయ్యి లాగుతుంటే మొహమాటపడకుండా తేలికది వాడండి.

ఖరీదైన ప్లాస్టిక్ మంచిదా, చవకది మంచిదా?

పుట్టర్‌కి చవక ప్లాస్టిక్కే మేలు. చేతికి పట్టు దొరుకుతుంది, గొలుసులకి తగిలి జారదు. చెట్లకి కొట్టుకునే డ్రైవర్‌కి, మిడ్‌రేంజ్‌కి గట్టి ప్లాస్టిక్ తీసుకోండి. లేకపోతే అంచు చెక్కుకుపోయి ఎగిరే తీరే మారిపోతుంది. మన వైపు ఇంకో ఇబ్బంది ఉంది. ఉక్కపోత చెమటకి గట్టి ప్లాస్టిక్ సబ్బులా జారిపోతుంది. నడుముకి ఒక పాత నూలు తువ్వాలు, జేబులో కాస్త సుద్దపొడి సంచి ఉంచుకోండి. కారు అద్దం వెనకాల, బైకు డిక్కీలో డిస్కులు మరిచిపోతే ఎండకి వంకర్లు పోతాయి.

కొనేటప్పుడు పీడీజీఏ ఆమోదించిన డిస్కో కాదో చూసుకోండి. ఆన్‌లైన్‌లో డిస్క్ గోల్ఫ్ సెట్ అని పేరు పెట్టి బొమ్మ డిస్కులు అమ్మేవాళ్లూ ఉన్నారు. కంపెనీ పేరు, డిస్కు పేరు పీడీజీఏ జాబితాలో లేకపోతే పోటీలో ఒప్పుకోరు.

కళింగపట్నం వైపు మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రపు గాలి లేస్తుంది. అప్పుడు ఏ డిస్కు వాడాలి?

ఎదురుగాలిలో డిస్కుకి టర్న్ పెరుగుతుంది, ముక్కు (ముందు అంచు) లేచి పైకి పోయి వెనక్కి వస్తుంది. కాబట్టి ఫేడ్ ఎక్కువున్న డిస్కు తీసుకుని, కింద నుంచి, ముక్కు దించి విసరండి. గాలి వెనక నుంచి వస్తే డిస్కు త్వరగా నేలకి దిగుతుంది, ఫేడ్ ఎక్కువ చూపిస్తుంది. గ్లైడ్ ఉన్నది, టర్న్ ఉన్నది తీసుకుని కాస్త ఎత్తుగా వదలండి. పొద్దున్న గాలి లేనప్పుడు ఒకసారి, మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి గాలి వచ్చేటప్పుడు ఒకసారి అదే డిస్కుతో అదే చోట ఆడి చూడండి. కొండల మధ్య ఉన్న ఊళ్ల పిల్లలకి ఈ సాధన దొరకదు. తీరంలో ఉన్నవాళ్లు దాన్ని వాడుకోవాలి.

డిస్కు చెరువులో పడితే తేలుతుందా?

చాలామటుకు మునిగిపోతాయి. తేలేవి కొన్ని తేలిక రకాలున్నాయి. ఈత రాని పిల్లలు డిస్కు కోసం చెరువులోకి దిగకూడదు, ఎంత ఖరీదైన డిస్కయినా సరే. వెనక వైపు మీ పేరు, ఫోన్ నంబరు మార్కర్‌తో రాసి ఉంచుకుంటే పోయినవి కొన్నైనా తిరిగొస్తాయి.

బ్యాగు, బూట్లు ప్రత్యేకంగా ఉండాలా?

బ్యాగుకి స్కూలు సంచి చాలు. డబ్బు పెట్టాలనుకుంటే బూట్ల మీద పెట్టండి. విసిరే క్షణంలో ఒళ్లంతా ముందు కాలి మీద ఆగుతుంది. వానాకాలంలో ఎర్రమట్టి మీద అరిగిపోయిన అడుగుతో విసిరితే మోకాలు తిరిగిపోతుంది. అడుగున పట్టున్న బూట్లు, పక్కకి తొలగకుండా పాదాన్ని పట్టి ఉంచేవి కొనండి. చెప్పులతో విసరనివ్వొద్దు.

## ఒంటిని తయారుచేసుకునే దశ

ఇది నడుచుకుంటూ ఆడే ఆట కదా, దీనికి అథ్లెట్ అవ్వాలా?

సరదాగా ఆడితే అక్కర్లేదు. అరవై ఏళ్లవాళ్లూ హాయిగా ఆడొచ్చు, ఈ ఆటలో మంచి గుణమే అది. పోటీకి దిగితే లెక్క వేరు. పెద్ద టోర్నమెంటు మూడు, నాలుగు రోజులు వరసగా సాగుతుంది. రోజూ 18 హోల్స్, అంటే గుట్టలు ఎక్కి దిగుతూ కొన్ని కిలోమీటర్ల నడక. దారి పొడుగునా ఒళ్లంతా ఒక్క క్షణంలో పేలినట్టు విసిరే విసుర్లు, వాటి మధ్య చెయ్యి వణకకూడని చిన్న విసుర్లు. చివరి రోజు చివరి నాలుగు హోల్స్‌లో అలసిన కాలు సరిగ్గా పడకపోతే అప్పటిదాకా చేసినదంతా పోతుంది. ఒకప్పుడు ఇది ఖాళీ సమయంలో ఆడే ఆటగా నడిచింది. ఇప్పుడు టూర్ ఆటగాళ్లు జిమ్ముకి వెళ్తున్నారు, ఫిజియోలను పెట్టుకుంటున్నారు.

ఎంత దూరం విసిరితే మంచి ఆటగాడన్నట్టు?

కొత్తవాళ్లు 50, 60 మీటర్లు వేస్తారు. శ్రద్ధగా సాధన చేసేవాళ్లు 90, 100 మీటర్లు దాటుతారు. టూర్‌లో పైస్థాయి పురుషులు 150 మీటర్లు, మహిళలు 120 మీటర్లు దాటించగలరు. గాలి సాయంతో నెవాడా ఎడారిలో 2016లో డేవిడ్ విగ్గిన్స్ జూనియర్ 338 మీటర్లు విసిరాడు. అది దూరం కోసమే పెట్టిన రికార్డు. కోర్సు మీద దూరం ఒక్కటే ఉండి గురి లేకపోతే స్కోరు రాదు.

నాకు చేతి బలం లేదు. దూరం ఎక్కడి నుంచి వస్తుంది?

నేల నుంచి వస్తుంది. ఈ ఒక్క ప్రశ్నకి జవాబు ఒంటికి పట్టిందంటే సగం ఆట వచ్చినట్టే.

మంచి ఆటగాడి వీడియోని నెమ్మదిగా నడిపి, చెయ్యి వదిలేసి ముందు కాలినే చూడండి. అడుగు, వెనకనుంచి అడ్డంగా ఇంకో అడుగు, మూడో అడుగులో ముందు కాలు నేల మీద పడుతుంది. ముందు వేళ్లు తాకుతాయి, తరవాత మడమ దిగుతుంది. ఆ కాలు అక్కడే బిగుసుకుంటుంది. ముందుకు వస్తున్న ఒళ్లు ఆ బిగుసుకున్న కాలికి తగిలి ఆగుతుంది, ఆగిన ఊపు తుంటిని తిప్పుతుంది. తుంటి తరవాత నడుము, నడుము తరవాత భుజం, భుజం తరవాత మోచెయ్యి, ఆఖరున మణికట్టు. డిస్కు ఇంకా రొమ్ముకి ఆనుకునే ఉంటుంది, తుంటి అప్పటికే తిరిగిపోయి ఉంటుంది. ఈ వరస తప్పి ముందే చెయ్యి లాగేస్తే ఎంత కండలున్నా డిస్కు 60 మీటర్ల దగ్గరే పడిపోతుంది.

సాధన ఇలా చేయండి: పరుగు లేకుండా, ఒకే చోట నిలబడి, పుట్టర్‌తో. ముందు కాలు బిగుసుకోవడం, తుంటి తిరగడం మీకే తెలిసేదాకా అడుగులు కలపొద్దు. విసిరాక ముందు కాలి మడమ మీద పాదం తిరగనివ్వండి, లేకపోతే ఆ తిప్పుడంతా మోకాలు మోస్తుంది.

బరువులు ఎత్తాలా? మా అమ్మాయి ఎత్తొచ్చా?

ఎత్తాలి, అమ్మాయిలు కూడా. ఈ అనుమానం మన జిల్లాల్లో రావడమే నాకు బాధ. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస మండలంలోని వూసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడ నుంచి వచ్చిన మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం గెలిచింది. బరువులు ఎత్తడం తెలిసినవాళ్లు మన పక్క ఊళ్లలోనే ఉన్నారు. డిస్క్ గోల్ఫ్ నేర్చుకునే పిల్ల వాళ్ల దగ్గరికి వెళ్లి డెడ్‌లిఫ్ట్, స్క్వాట్ సరైన పద్ధతిలో నేర్చుకోవడం కంటే మంచి ఆరంభం నాకు తెలియదు.

కావలసింది పెద్ద బరువు కాదు, వేగం. తుంటి, పిరుదులు, నడుము చుట్టూ ఉన్న కండరాలు, వెన్నెముకని తిప్పేవి బలపడాలి. మెడిసిన్ బాల్‌ని, అంటే బరువైన వ్యాయామపు బంతిని, గోడకేసి పక్క నుంచి విసరడం ఈ ఆటకి చాలా దగ్గరి వ్యాయామం. బంతి లేకపోతే పాత ఫుట్‌బాల్‌లో ఇసుక కూరి కుట్టించండి.

మోచెయ్యి నొప్పి వస్తోంది. విసరడం ఆపాలా?

ఆపాలి. ఫోర్‌హ్యాండ్ (అరచెయ్యి ముందుకి వచ్చేలా) ఎక్కువ విసిరేవాళ్లకి మోచెయ్యి లోపలివైపు నొప్పి వస్తుంది. చెయ్యి ఒక్కటే పనిచేస్తోందని, కాళ్లు, తుంటి సాయం చేయడంలేదని అర్థం. కొన్నాళ్లు విశ్రాంతి, తరవాత దగ్గరి విసుర్లు, తేలిక డిస్కు. నొప్పి తగ్గకపోతే ఎముకల డాక్టరుకి చూపించండి. నొప్పి మాత్ర వేసుకుని టోర్నమెంటు ఆడేయడం చాలామంది చేసే పని. ఆ తరవాత నెలల తరబడి ఖాళీగా కూర్చోవాల్సి వస్తుంది.

ఎండాకాలం సాధన ఎలా? ఏం తినాలి?

ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్న ఎనిమిదిన్నరలోపు ముగించండి. సాయంత్రం గాలి చల్లబడ్డాకే మళ్లీ మొదలు. ఆటకి ముందు చోడి అంబలి, అందులో మజ్జిగ, ఉప్పు. సాధన అయ్యాక గుడ్లు, ఉడకబెట్టిన వేరుశెనగలు, అరటిపండు. పొడి డబ్బాలు కొనే స్తోమత లేదని బాధపడకండి. పిల్లల వయసులో ఇంటి తిండి సరిగ్గా తింటే సరిపోతుంది.

దగ్గరి విసుర్లు ఎందుకు తప్పుతున్నాయి?

బుట్టకి పది మీటర్లలోపు విసిరాక ముందుకి తూలకూడదు, డిస్కు పడిన చోట పెట్టిన గుర్తు వెనకాలే నిలదొక్కుకోవాలన్నది నియమం. ఒంటికాలి మీద నిలబడే శక్తి లేకపోతే గురి ఉన్నా డిస్కు పక్కకి పోతుంది. టూర్‌లో అందరికంటే బాగా పుట్ చేసే, అంటే బుట్టలోకి దగ్గరి విసురు వేసే, పురుషులు ఈ దూరంలో పదికి తొమ్మిది వేస్తారు. మీ ఇంటి వాకిట్లో ఐదు మీటర్ల దగ్గర మొదలుపెట్టి, రోజూ వంద విసుర్లు వేసి, ఎన్ని పడ్డాయో నోటుపుస్తకంలో రాసుకోండి. ఆ పుస్తకం రేపు స్పాన్సర్‌కి చూపించడానికి కూడా పనికొస్తుంది.

## పోటీల దశ

పీడీజీఏ రేటింగ్ అంటే ఏమిటి?

పీడీజీఏ గుర్తింపు ఉన్న పోటీల్లో మీ రౌండ్లను బట్టి లెక్కకట్టే అంకె. 1000 అంటే ఆ కోర్సులో మేటి స్థాయి ఆట. ప్రపంచంలో పైనున్నవాళ్లు దానికి ఇంకో 40, 50 పైన ఉంటారు. గుర్తింపు లేని పోటీల్లో ఎంత బాగా ఆడినా రేటింగ్ రాదు. అందుకే దూరమైనా ఏడాదికి ఒకటి రెండు గుర్తింపు పోటీలకి వెళ్లడం అవసరం.

ప్రైజ్ మనీ తీసుకుంటే ప్రొఫెషనల్ అయిపోతానా?

అవును. పీడీజీఏ పోటీల్లో ప్రో విభాగంలో ఆడి నగదు తీసుకుంటే ప్రొఫెషనల్ కిందే లెక్క. అమెచ్యూర్లకి డిస్కులు, బ్యాగుల్లాంటి వస్తువులే ఇస్తారు. ఇంకా నేర్చుకునే దశలో ఉన్న కుర్రాళ్లు తొందరపడి డబ్బు ముట్టుకోవద్దు. కొన్ని అమెచ్యూర్ పోటీలు ఆడే అవకాశం పోతుంది.

## స్పాన్సర్‌ను వెతుక్కునే దశ

పాల్ మెక్‌బెత్‌కి నిజంగా 10 మిలియన్ డాలర్లు ఇచ్చారా?

ఇచ్చేటట్టు ఒప్పందం రాసుకున్నారు. ఇన్నోవా డిస్కులతో 2012 నుంచి 2015 దాకా వరసగా నాలుగు ప్రపంచ టైటిళ్లు గెలిచాడు. తరవాత డిస్క్రాఫ్ట్‌కి మారి 2019లో ఐదోది గెలిచాడు. 2021లో డిస్క్రాఫ్ట్ పదేళ్లకి 10 మిలియన్ డాలర్ల ఒప్పందం ప్రకటించింది. ఆరో టైటిల్ 2022లో వచ్చింది. కరోనా రోజుల్లో జనం దూరం దూరంగా ఆడుకునే ఆట కోసం పార్కులకి వచ్చారు, డిస్కులు తయారుచేసే లోపే అమ్ముడుపోయాయి. అంత పెద్ద ఒప్పందాలు ఆ గిరాకీ మీద నిలబడ్డవి. పిల్లలు ఈ ఒక్క అంకె పట్టుకుని కలలు కంటారు. అదే టూర్‌లో వ్యాన్‌లో పడుకుని, సొంత డబ్బుతో ఎంట్రీ ఫీజు కట్టి ఆడేవాళ్లు చాలామంది ఉన్నారు.

స్పాన్సర్ అంటే నెలనెలా జీతమా?

ఎక్కువమందికి కాదు. అడుగు మెట్టులో కంపెనీ కొన్ని డిస్కులు, టీషర్టులు ఇస్తుంది, లేదా తగ్గింపు ధరకి ఇస్తుంది. పైమెట్టులో ఎంట్రీ ఫీజులు, ప్రయాణ ఖర్చు, గెలిస్తే బోనస్. ఆ పైన ఆటగాడి పేరు ముద్రించిన డిస్కుల అమ్మకంలో వాటా. టూర్‌లో ఆడేవాళ్లకి సీజన్ గడిచేది చాలావరకు ఈ వాటా మీదే. గ్యారంటీ జీతం ఉండేది పైన ఉన్న కొద్దిమందికే.

స్పాన్సర్ ఇచ్చిన డిస్కులే వాడాలా?

తయారీదారు స్పాన్సరైతే సాధారణంగా అంతే. కంపెనీ మారితే సంచిలో ఉన్నవన్నీ మారిపోతాయి. చేతికి అలవాటైన పుట్టర్‌ని వదిలి కొత్తదానికి అలవాటు పడాలి. ఎగిరే తీరు, పట్టు, గొలుసుల్లో పడే చప్పుడు కూడా తేడాగా ఉంటాయి. ప్రపంచ స్థాయివాళ్లకే ఇది కష్టం. ఉచితంగా వస్తున్నాయని నేర్చుకునే వయసులో డిస్కులు మార్చొద్దు.

మన జిల్లాలో ఎవరిని అడగాలి? ఎలా అడగాలి?

మన వైపు ఆటని పోషించడం కొత్త కాదు. విజయనగరం మహరాజ్ కుమార్ విజ్జీ 1930ల మొదట్లో తన క్రికెట్ జట్టు తరఫున ఆడమని ఇంగ్లండ్ నుంచి జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌లను రప్పించుకున్నాడు. ఇప్పుడు ఆ స్థానంలో బట్టల దుకాణాలు, రైసు మిల్లులు, కోచింగ్ సెంటర్లు, పైడిభీమవరం చుట్టుపక్కల ఫ్యాక్టరీలు ఉన్నాయి.

డబ్బు ఇవ్వండి అని మొదలుపెట్టకండి. వస్తువు అడగండి: రెండు బాస్కెట్లు, పది టీషర్టులు, పోటీకి వెళ్లే రైలు చార్జీలు. ఒక్క పేజీ తెలుగులో రాసుకెళ్లండి. ఆట ఏమిటో మూడు వాక్యాలు, ఎంతమంది పిల్లలు ఆడుతున్నారో, ఖర్చు ఎంతో పైసలతో సహా, వాళ్ల పేరు ఎక్కడ కనబడుతుందో. ఆ పేజీ ఇచ్చి, ఆదివారం పొద్దున్న ఒక్క అరగంట ఆట చూడటానికి రమ్మనండి. యజమాని చేతికి పుట్టర్ ఇచ్చి ఐదు మీటర్ల నుంచి వేయమనండి. గొలుసులు గలగలమంటే ఆయనే ఇంకో డిస్కు అడుగుతాడు. ఏడాది చివర ఇచ్చినదానికి లెక్క, ఫోటోలు పట్టుకెళ్లి చూపించండి. రెండో ఏడాది వచ్చే సాయం ఆ లెక్క మీదే ఆధారపడుతుంది.

కంపెనీల సీఎస్ఆర్ డబ్బు (సమాజం కోసం చట్టప్రకారం పెట్టాల్సినది) మాకు వస్తుందా?

కంపెనీల చట్టం 2013లోని ఏడో షెడ్యూల్‌లో, అంటే ఆ డబ్బు పెట్టదగ్గ పనుల జాబితాలో, గ్రామీణ క్రీడలకు, జాతీయ గుర్తింపు ఉన్న క్రీడలకు, ఒలింపిక్, పారాలింపిక్ క్రీడలకు శిక్షణ ఉంది. నికర విలువ 500 కోట్లు, టర్నోవరు 1000 కోట్లు, నికర లాభం 5 కోట్లు – వీటిలో ఏ ఒక్కటి దాటినా ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇలాంటి పనులకి పెట్టాలి. అయితే తన సరుకు ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్ సీఎస్ఆర్ కిందకి రాదని 2021 నిబంధనలు చెప్తున్నాయి. కాబట్టి టీషర్టు మీద పేరు వేయించుకుని ప్రచారం చేసుకునేవాళ్లని ప్రచార బడ్జెట్ నుంచి అడగండి. సీఎస్ఆర్ అడిగితే ఒక్క ఆటగాడి పేరున కాకుండా స్కూలు పిల్లలందరికీ శిక్షణ అని అడగండి.

ఇన్‌స్టాగ్రామ్‌లో ఫాలోవర్లు ఉంటే స్పాన్సర్ వస్తాడా?

ఆట కూడా ఉంటే వస్తాడు. కంపెనీకి కావలసింది డిస్కు అమ్ముడుపోవడం. నలుగురికి ఓపిగ్గా నేర్పే వీడియోలు తెలుగులో పెట్టేవాళ్లంటే కంపెనీకి ఆసక్తి కలుగుతుంది. పోటీలో కోపంతో డిస్కుని నేలకేసి కొట్టే వీడియో ఒక్కటి చాలు, పేరు పోవడానికి.

"విదేశీ టోర్నమెంటుకి సెలెక్ట్ అయ్యారు, డబ్బు కట్టండి" అని మెసేజ్ వచ్చింది. నిజమేనా?

మీరు దరఖాస్తు చేయకుండా, ఎవరూ మీ ఆట చూడకుండా సెలెక్షన్ ఎలా వస్తుంది? పీడీజీఏ క్యాలెండర్‌లో ఆ పోటీ ఉందేమో చూడండి. లేకపోతే పైసా కట్టొద్దు. జెర్సీకని, వీసాకని, రిజిస్ట్రేషన్‌కని విడతలవారీగా అడుగుతున్నారంటే ఇంకా జాగ్రత్త. ఆధార్, పాస్‌పోర్టు కాపీలు కూడా పంపొద్దు.

కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెట్టే ముందు ఏం చూడాలి?

ఎన్నాళ్లు, మధ్యలో మానేయాలంటే ఎవరు ఎన్ని రోజుల ముందు చెప్పాలి, గాయమైతే ఏమవుతుంది. ఈ మూడూ ముందు చదవండి. తరవాత మీ పేరు, ఫోటో ఎక్కడెక్కడ వాడతారో, ఒప్పందం అయిపోయాక కూడా వాడతారా అన్నది. మీ పేరుతో డిస్కు వేస్తే వాటా ఎంత, ఎప్పుడు లెక్క చూపిస్తారు. నెలకి ఇన్ని పోస్టులు పెట్టాలని రాసి ఉంటే పరీక్షల నెలల్లో మినహాయింపు రాయించుకోండి. ఇంగ్లీషు కాగితమైతే తెలిసిన వకీలుకి చూపించి తెలుగులో చెప్పించుకోండి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల సంతకం చెల్లదు, అమ్మానాన్నలే పెట్టాలి. కాబట్టి వాళ్లు కాగితం మొత్తం చదివే దాకా కంపెనీ వాళ్లని ఆగమనండి. తొందరపెడితే ఆ కాగితం వెనక్కి ఇచ్చేయండి.